డిస్కు మళ్లీ జారిందని అప్పుడే స్క్రూల దాకా పోవద్దు, అల్లుడూ

అల్లుడూ,

నడుములో డిస్కు ఆపరేషన్ చేయించుకుని ఏడాది తిరక్కుండానే మళ్లీ కాలు లాగుతోందట. డిస్కు మళ్లీ జారింది, ఇక వెన్నుపూసలకు స్క్రూలు బిగించుకోవడమే గతి అని నువ్వే తేల్చేసుకున్నావని అక్క చెప్పింది. కాస్త ఆగు. ఘాట్ రోడ్డు మీద బస్సు తిప్పి తిప్పి నడుము అరగదీసుకున్నవాణ్ణి. ఒకసారి కోయించుకున్నాక అదే చోట నాకూ మళ్లీ జారింది. రెండోసారి కత్తి పడకుండానే తగ్గింది. అందరికీ అలాగే తగ్గుతుందని చెప్పను గానీ, ఏది ఆగి చూడొచ్చో, ఏది ఒక్క పూట కూడా ఆగకూడదో తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకో.

ముందు ఆగకూడని సంగతి. మూత్రం వచ్చినట్టే ఉండి రాకపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోటంతా మొద్దుబారి కడుక్కున్నా స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనపడినా అర్ధరాత్రయినా సరే బయలుదేరు. న్యూరోసర్జన్, అంటే నరాల ఆపరేషన్లు చేసే డాక్టరు ఉండే పెద్దాసుపత్రికి, నేరుగా ఎమర్జెన్సీకి. తెల్లారాక చూద్దాంలే అనొద్దు. అలాంటప్పుడు నడుములో నలిగే నరాలు గంటల లెక్కన దెబ్బతింటాయి. ఆలస్యమైతే ఆపరేషన్ బాగా జరిగినా మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.

ఇంకోటి పాదం బలం. రోజూ పొద్దున గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేసి చూసుకో. పాదం పైకి లేవకపోతే, నడుస్తుంటే నీకు తెలియకుండా చెప్పు జారిపోతుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవద్దు. నొప్పి తగ్గి బలం కూడా తగ్గిందంటే నరం కోలుకుంటున్నట్టు కాదు, ఇంకా దెబ్బతింటున్నట్టు.

ఇవేవీ లేవు, కాలు లాగుడు, తిమ్మిరి మాత్రమే అంటావా, అయితే నీకు టైముంది.

మళ్లీ ఎందుకు జారిందని మొదటి డాక్టరును తిట్టుకుంటున్నావట. డిస్కంటే రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, బయట టైరులాంటి గట్టి వలయం, లోపల జిగురు. ఆపరేషన్లో డిస్కు మొత్తం తీసేయరు. బయటికొచ్చి నరాన్ని నొక్కుతున్న ముక్కను, వదులుగా ఉన్నదాన్ని తీస్తారు. మిగతాది లోపలే ఉంటుంది. జిగురు బయటికొచ్చిన చిల్లూ ఉంటుంది. డిస్కుకు రక్తం సరఫరా చాలా తక్కువ కాబట్టి ఆ చిల్లు మెల్లగా, అరకొరగా మానుతుంది. అందుకే ఆపరేషన్ ఎంత బాగా చేసినా నూటికి అయిదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్లీ జారుతుందని లెక్క. సిగరెట్ తాగేవాళ్లకు, షుగరున్నవాళ్లకు, బరువులెత్తేవాళ్లకు ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. ఇందులో నీకు ఎన్ని వర్తిస్తాయో నీకే తెలుసు.

అసలు మళ్లీ జారిందని ఎవరు చెప్పారు నీకు? కాలు నొప్పి తిరిగొచ్చిందంటే డిస్కే అనుకోనక్కర్లేదు. కోసిన చోట మచ్చ కట్టి అది నరాన్ని పట్టుకోవచ్చు. పై డిస్కో కింది డిస్కో కొత్తగా జారి ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో నడుము భరించలేనంతగా నొప్పెట్టి జ్వరం కూడా ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానించి రక్తపరీక్షలు చేస్తారు. మచ్చనీ డిస్కునీ విడదీసి చూడాలంటే మామూలు ఎమ్మారై చాలకపోవచ్చు, గాడోలినియం మందు ఎక్కించి తీయాలి. ఆ మందును మచ్చ పీల్చుకుని మెరుస్తుంది, డిస్కు ముక్క మెరవదు. మచ్చే అని తేలితే మళ్లీ కోసి లాభం తక్కువ, కోసిన చోట ఇంకో మచ్చ కడుతుంది. కిడ్నీ ఇబ్బంది ఏదైనా ఉంటే ఆ మందు ఎక్కించేముందే చెప్పు.

మళ్లీ జారిన డిస్కే అని తేలినా, పాదంలో బలం బాగుంటే ముందు మందులు, ఫిజియోథెరపీ చూస్తారు. నొప్పి మరీ ఎక్కువైతే ఎక్స్‌రేలో చూస్తూ నరం దగ్గర ఇంజెక్షన్ వేస్తారు. అది స్టెరాయిడ్, కొన్నాళ్లు షుగరు పెంచుతుంది, చూసుకోవాలి. బయటికొచ్చిన ముక్క చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో ఒంట్లోనే కరిగి చిన్నదవుతుంది. నాకు జరిగింది అదే. ఇవేవీ పనిచేయకపోతే రెండో ఆపరేషన్. అందులోనూ స్క్రూలే వేయాలని లేదు, చాలామందికి మళ్లీ ముక్క తీస్తే సరిపోతుంది. పూసలు కదులుతున్నప్పుడో, మాటిమాటికీ జారుతున్నప్పుడో బిగింపు మాట వస్తుంది. ఏ డాక్టరైనా స్క్రూలు వేయాలంటే ఆయన్ని ‘నా పూసలు కదులుతున్నాయా, ఏ ఎక్స్‌రేలో తెలిసింది’ అని అడుగు. రెండోసారి కోసేటప్పుడు మచ్చ వల్ల నరాల మీది పొర చిరిగే ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువ. దాని గురించీ అడుగు. రెండో అభిప్రాయానికి ఇక్కడ తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ ఉంది. చిత్తూరు నుంచి నీకు వేలూరు దగ్గరనిపిస్తే అక్కడికే పో. ఎక్కడికెళ్లినా పాత ఫిల్ములు, డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ నోట్సు పట్టుకుపో.

ఈలోగా ఊళ్లో సలహాలకు కొదవుండదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం మీద తన్నించుకోమంటారు. ఆ తన్ను నీ డిస్కు మీద వద్దు. పుత్తూరు కట్టు వేయించుకోమంటారు. కట్టు సంగతి విరిగిన ఎముకకు, లోపల నొక్కుకున్న నరానికి దాంతో పనిలేదు. నడుం విరిపించుకోవడం, తొక్కించుకోవడం అసలే వద్దు.

అలాగని మంచం పట్టకు. ఒకట్రెండు రోజులు పడుకున్నా తర్వాత లేచి, ఇంటి ముందరే సరే, కొద్దికొద్దిగా నడువు. ఒంగి కూర్చోవడం తగ్గించు. బైకు మీద గతుకుల్లో తిరగడం కొన్నాళ్లు మానెయ్. నేల మీద కూర్చుని తినడం, కింద కూర్చునే మరుగుదొడ్డి కూడా. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకం చేస్తాయి. ముక్కితే నడుము మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి నీళ్లు, ఆకుకూరలు ఎక్కువ తీసుకో. బెల్టు కొన్నాళ్లు సాయం చేస్తుందేమో గానీ కండరం చేయాల్సిన పని అది చేయదు. రోజంతా కట్టుకుని తిరగొద్దు.

మొక్కు గురించి కూడా అడిగావట. అలిపిరి నుంచి 3550 మెట్లు. ఇప్పుడు కాదు. అంగప్రదక్షిణం మాటే ఎత్తకు. కొండకు పోవాలనుకుంటే బస్సెక్కు. ఎక్కితే ముందు సీట్లలో కూర్చో. వెనక చక్రాల అవతల చివరి సీటులో కుదుపు ఎంతుంటుందో అన్నేళ్లు నడిపినవాణ్ణి నాకు తెలుసు. మెట్లు ఎక్కడం బాగున్నాకే, అదీ డాక్టరు సరేనన్నాకే. స్వామి ఎక్కడికీ పోడు.

మామిడి సీజన్లో మండీలో క్రేట్లు నువ్వే ఎత్తుతున్నావని విన్నాను. ఒంగి, నడుం తిప్పుతూ బరువెత్తడం కన్నా డిస్కుకు చేటు ఇంకోటి లేదు. ఈ సీజనుకు ఒక మనిషిని పెట్టుకోండి. కూలి దండగని బావ గొణుగుతాడు, ఆయనతో నేను మాట్లాడతాలే. నువ్వు మాత్రం ఎమ్మారై తీయించగానే రిపోర్టు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు.

మీ మామ
తిరుపతి