క్రోజియర్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ మొదటి అధ్యాయం అందింది, చదివాను. వాక్యం నీ చేతికి లొంగుతోంది, ఆ భయమేం లేదు. కానీ ఫ్రాన్సిస్ క్రోజియర్‌ని మొదటి పేజీలోనే చంపేశావు. 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వాన ఆర్కిటిక్‌కి వెళ్ళి, మంచులో చిక్కుకుని తిరిగిరాని రెండు ఓడల్లో ‘టెర్రర్’కి కెప్టెన్ ఆయన. 1848, కెనడా ఉత్తరాన కింగ్ విలియం దీవి, ఈదురుగాలి, చేతిలో సోఫియా రాసిన ఉత్తరం, చెంప మీద గడ్డకట్టిన కన్నీటిబొట్టు! ఆయన ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో, చివరికి వెంట ఎవరున్నారో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు. నీకు మాత్రం అది కుడి చెంపో ఎడమ చెంపో కూడా తెలిసిపోయింది. సోఫియా క్రాక్రాఫ్ట్ ఆయన్ని పెళ్ళి చేసుకోనన్నది నిజమే. దానికి అర పేజీ ఇవ్వు, చాలు.

ధ్రువయాత్రల మీద రాసేవాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బే ఇది. చావు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. ఇక అక్కణ్ణుంచి ఆ మనిషి దగ్గినా తుమ్మినా అపశకునమే. నా మాట విని మొదట్నుంచీ రాయి. లేకపోతే చివర్లో ఆయన తీసుకున్న నిర్ణయం ఎంత బరువైనదో చదివేవాళ్ళకి అందదు.

ఐర్లండులో బాన్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి కుర్రాడు 1810లో, 13 ఏళ్ళకే బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. ఐదేళ్ళు తిరిగేసరికి నెపోలియన్ యుద్ధాలు ముగిశాయి. ఓడలు మూలపడ్డాయి, అధికారులు సగం జీతంతో ఇళ్ళల్లో కూర్చున్నారు. అలాంటి రోజుల్లో మంచుసముద్రం యాత్ర అంటే సాహసం కంటే ముందు ఉద్యోగం. నీ అధ్యాయంలో ఈ జీతంనాతం గొడవ ఒక్క ముక్క లేదు. లెఫ్టినెంట్ కావడానికి ఆయనకి 1826 దాకా పట్టింది. కమాండర్ 1837లో, కెప్టెన్ 1841లో. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూస్తూ కూర్చో.

ఎప్పుడూ రెండో మనిషే. 1827లో ధ్రువయాత్రికుడు విలియం పారీ పడవల్ని మంచు మీద ఈడ్పించుకుంటూ ఉత్తర ధ్రువం వైపు 82 డిగ్రీల 45 నిమిషాల దాకా వెళ్ళొచ్చాడు, పేరు తెచ్చుకున్నాడు. స్పిట్స్‌బెర్గెన్‌లో ఓడ దగ్గర ఆగిపోయి కొలతలు రాసుకున్నవాళ్ళలో క్రోజియర్ ఒకడు. 1839 నుంచి 1843 దాకా అంటార్కిటికాలో జేమ్స్ క్లార్క్ రాస్ ‘ఎరిబస్’ మీద, ఈయన ‘టెర్రర్’ మీద. ఇవాళ పటం తీస్తే అక్కడి సముద్రానికీ, మంచుగోడకీ, దీవికీ రాస్ పేరే. ఆ దీవి చివర ఒక కొమ్ముకి మాత్రం కేప్ క్రోజియర్ అని ఈయన పేరు దక్కింది.

ఉత్కంఠ కావాలంటే 1842 మార్చి రాత్రి ఉంది. గాలివానలో ఎదురుగా మంచుకొండ. తప్పించుకోబోయి ఎరిబస్ పక్కకి తిరిగింది, టెర్రర్ వచ్చి గుద్దుకుంది, రెండు ఓడల తాళ్ళూ కొయ్యలూ చిక్కుపడిపోయాయి. విడిపడ్డాక ఆ చీకట్లో టెర్రర్ రెండు మంచుకొండల నడుమ సందులోంచి దూరి బయటపడింది. రాస్ స్వయంగా రాసిపెట్టాడు. నువ్వు ఒక్క విశేషణం కలపక్కర్లేదు.

కానీ 1843లో క్రోజియర్‌ని బ్రిటన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ గడప ఎక్కించింది ఆ రాత్రి కాదు, అయస్కాంత కొలతలు. భూమి అయస్కాంతశక్తి ఎక్కడెక్కడ ఎంతుందో, గంటగంటకీ ఎలా మారుతుందో చూడాలి. హోబార్ట్‌లో అందుకోసం కట్టిన పరిశీలనశాలలో ఇనుము వాడలేదు. ఇనప మేకులు కొడితే అయస్కాంత సూది అటు లాగుతుంది మరి. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో దీపం పెట్టుకుని సూది ఎంత కదిలిందో చదవడం, అంకె వేయడం, మళ్ళీ గంటకి లేవడం. విసుగొచ్చే పని. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఈ విసుగే. ఇది పాఠకుడికి విసుగు పుట్టకుండా రాయగలిగితే నువ్వు రచయితవి. మంచుతుఫాను ఎవడైనా రాస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. 1825లో పారీ యాత్రలో ‘ఫ్యూరీ’ అనే ఓడ మంచు ఒత్తిడికి దెబ్బతింది. సోమర్‌సెట్ దీవి ఒడ్డున దాన్ని వదిలేసి, అందులో సరుకంతా ఆ ఒడ్డునే ఉంచి, అందరూ రెండో ఓడ ‘హెక్లా’ ఎక్కి ఇల్లు చేరారు. క్రోజియర్ ఆ హెక్లా మనిషే. కొన్నేళ్ళకి జాన్ రాస్ అనే మరో ధ్రువయాత్రికుడి బృందం చిక్కుకుపోయినప్పుడు 1832–33 శీతకాలం గడిచింది ఆ సరుకు పుణ్యానే. ఆ బృందంలో జేమ్స్ రాస్ ఉన్నాడు, క్రోజియర్‌కి ప్రాణస్నేహితుడు. ఎన్ని రాత్రులు ఆ కథ చెప్పుకుని ఉంటారో!

ఇది గుర్తుపెట్టుకుని, ఫ్రాంక్లిన్ యాత్రవాళ్ళు 1848లో కింగ్ విలియం దీవిలో వదిలి వెళ్ళిన కాగితం చూడు. అది నౌకాదళం వారి అచ్చు ఫారం. దొరికినవాళ్ళు లండన్‌కి పంపమని ఆరు భాషల్లో వేసి ఉంటుంది. మొదట 1847 మేలో నాలుగు ముక్కలు రాశారు: అంతా క్షేమం. అందులోనూ బీచీ దీవిలో గడిపిన శీతకాలం ఏడాది తప్పు పడింది, 1845–46 అనాల్సింది 1846–47 అన్నారు. మరుసటేడు ఏప్రిల్ 25న అదే కాగితం తీసి, చోటు లేక అంచుల చుట్టూ తిప్పి తిప్పి రాశారు. రాసింది ఎరిబస్ కెప్టెన్ ఫిట్జ్‌జేమ్స్. ఏప్రిల్ 22న ఓడలు వదిలేశాం, 105 మందిమి, ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న పోయాడు, ఇంతవరకు 9 మంది అధికారులు, 15 మంది కింది సిబ్బంది పోయారు. కింద సంతకాలు. సంతకాలయ్యాక క్రోజియర్ చేతిరాతలో ఒక ముక్క: రేపు 26న బ్యాక్ ఫిష్ నది వైపు బయల్దేరుతున్నాం.

వెతుక్కుంటూ వచ్చేవాడికి అన్నిటికంటే ముందు కావలసిన కబురు అదే. అది చివర్న, సంతకం తర్వాత పడింది. అలసటో, తొందరో, మరొకటో నీకూ నాకూ తెలీదు. ఉన్నదున్నట్టు చూపించి ఊరుకో. కానీ ఎటు వెళ్తున్నారో గమనించు. ఫ్యూరీ సరుకున్న ఒడ్డు ఈశాన్యాన ఉంది, అది ఆయన కుర్రతనంలో కళ్ళారా చూసిన చోటు. ఆయన దక్షిణానికి తిరిగాడు. నది దగ్గర వేట దొరుకుతుందనో, బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే హడ్సన్ బే కంపెనీ స్థావరాలు ఆ దిక్కునే ఉన్నాయనో చరిత్రకారులు తలోమాటా అంటారు. 1825 ముందే చదివిన పాఠకుడు ఇక్కడికొచ్చి ఆగిపోతాడు. నీ వరసలో రాస్తే వాడికి అది ఏదో ఒక నది పేరు, అంతే.

అక్కడి మూలవాసులైన ఇన్యూట్‌ల సాక్ష్యం గురించి ఒక మాట. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు, వాళ్ళు చెప్పింది విని, ఆ ఓడలవాళ్ళు ఆకలికి తోటి మనుషుల్ని తిన్నారన్న కబురు తెస్తే, నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇన్యూట్‌లని అనరాని మాటలని కొట్టిపారేశాడు. 2024లో డీఎన్‌ఏ పరీక్షలో గుర్తుపట్టిన ఫిట్జ్‌జేమ్స్ దవడ ఎముక మీద కత్తిగాట్లు ఉన్నాయి. 2016లో టెర్రర్ దొరికింది కూడా సామీ కోగ్విక్ అనే ఇన్యూట్ వేటగాడు, మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన కొయ్యని ఒకప్పుడు చూశానని చెప్పబట్టే. నువ్వు వాళ్ళని ‘కొందరు స్థానికులు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అయితే ఒక చిక్కుంది: వాళ్ళు చెప్పే ‘అగ్లూకా’ క్రోజియరే అని తేల్చేయకు. ఆ పేరుతో వాళ్ళు వేరే తెల్లవాళ్ళనీ పిలిచారు. ఏ కథ ఎవరిదో ఒక్కొక్కటీ విడదీసి చూసుకో.

ఉత్తరాల దగ్గర నువ్వు చేసిన పని నాకు మరీ నచ్చలేదు. 1845 జూలైలో గ్రీన్‌లాండ్ నుంచి రాస్‌కి రాసిన ఉత్తరంలో ఒంటరితనం ఒక్కటే తీసుకున్నావు. అదే ఉత్తరంలో తన చక్కెర, టీ వచ్చి చేరలేదనీ, టీ పోతే పోయింది గానీ చక్కెర లేకపోవడమే కష్టంగా ఉందనీ గొణుక్కున్నాడు. అది ఎందుకు తీసేశావ్? హుందాగా లేదనా? నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఇక భాష. ‘హిమానీ సమాధి’, ‘శ్వేత మృత్యువు’ లాంటివన్నీ కొట్టేశాను, కోప్పడకు. ఓడ మాటలు నిఘంటువులో వెతక్కుండా కాకినాడో బందరో వెళ్ళి పాత పడవవాళ్ళతో రెండు రోజులు కూర్చో. తెలుగులో దొరకనివి డెక్, కేబిన్, మిడ్‌షిప్‌మన్ అని అలాగే రాసెయ్.

ముందు ఫ్యూరీ అధ్యాయం రాసి పంపు. అప్పటికి క్రోజియర్‌కి 28 ఏళ్ళు, ఇంకా మిడ్‌షిప్‌మనే, లెఫ్టినెంట్ కంటే కింది మెట్టు. అక్షరాలు పెద్దవి పెట్టు, సంక్రాంతికి ముందే అందేలా చూడు. పండగెళ్ళాక నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్ళు ఏమీ చదవనివ్వరట.

ఆశీస్సులతో,
మీ మాస్టారు