గాలిపటం లైన్లు: ఎంత సన్నం వరకు పోవచ్చు?

ప్రశ్న: నా చిన్న పడవని తెరచాపకి బదులు 6 చదరపు మీటర్ల గాలిపటంతో నడపాలని ఉంది. నాలుగు లైన్లు, ఒక్కొక్కటి 25 మీటర్లు. నా దగ్గర 3 మి.మీ. నైలాన్ తాడు ఉంది, అది సరిపోతుందా? సన్న లైన్లు కొంటే తెగుతాయేమోనని భయం.

జవాబు: ఆ నైలాన్ తాడుని పడవ కట్టేయడానికి ఉంచుకోండి. తెగుతుందని కాదు, సాగుతుంది. బరువు పడితే నైలాన్ పదో వంతు సాగడం మామూలే. 25 మీటర్ల మీద అది రెండున్నర మీటర్లు. మీరు బార్‌ని, అంటే పటాన్ని తిప్పడానికి చేత్తో పట్టుకునే కడ్డీని, జానెడు లాగుతారు, ఆ జానెడూ తాడే మింగేస్తుంది. పటానికి కబురే అందదు.

మందం కూడా చూడండి. 3 మి.మీ. తాళ్లు నాలుగు, 25 మీటర్ల చొప్పున: మొత్తం 0.3 చదరపు మీటర్లు. మీ పటంలో ఇరవయ్యో వంతు పలకని గాలికి అడ్డంగా పట్టుకున్నట్టే. పైగా పటానికి దగ్గరున్న తాడు పటంతో పాటే దూసుకెళ్తుంది కాబట్టి గాలి దాన్ని ఇంకా గట్టిగా వెనక్కి ఈడుస్తుంది. ఆ ఈడ్పుకి పటం గాలి దిగువకి వాలిపోతుంది, ఇక ఎదురుగాలి వైపు పడవని తీసుకెళ్లడం కష్టం. మందం సగానికి తగ్గిస్తే ఈడ్పూ సగమే.

అందుకే అందరూ డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పోగుతో అల్లిన లైన్లు వాడతారు. అది తెగే ముందు కూడా ఆ పోగు సాగేది నూటికి మూడు నాలుగు పాళ్లే. నీళ్ల మీద తేలుతుంది. నున్నగా ఉంటుంది కాబట్టి లైన్లు రెండు మూడు మెలికలు పడ్డా బార్ తిరుగుతుంది.

ఇక మీ భయం సంగతి. సెకనుకి 10 మీటర్ల గాలిలో కదలకుండా నిలబడ్డ 6 మీటర్ల పటం సుమారు 30, 35 కిలోలు లాగుతుంది. అదే పటం వేగంగా తిరుగుతూ 20 మీటర్ల గాలిని కోస్తే లాగుడు నాలుగింతలు, అంటే 140 కిలోల దాకా. ఇందులో ఎక్కువ పాలు ముందు లైన్లు రెండూ, అంటే పటం ముందు అంచుకి కట్టినవి, మోస్తాయి. ముడి దగ్గర బలం సగానికి పడిపోవచ్చు. ఎండ, ఇసుక, ఉప్పు ఇంకొంత తింటాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, ముందుకి 300 కిలోల దాకా తెగని లైన్, వెనక్కి 200 కిలోలది ఉంటే నాకు నిద్ర పడుతుంది. దాని మందం ఒకటిన్నర మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. ఇంకా సన్నం పందేల వాళ్లకి వదిలేయండి.

మొదట్లో నేనూ కాయితం మీది కిలోలు చూసే మురిసిపోయాను. లైన్ కొని, కోసి, చివర మామూలు ముడి వేశాను. లైన్ తెగలేదు. ముడి మెల్లగా జారి విడిపోయింది. ఎడమ వెనక లైన్ లేని పటం గిరగిరా తిరుగుతుంటే, వదలాలన్న బుద్ధి పుట్టక వేళ్లతో లైన్ పట్టుకున్నాను. చూపుడు వేలి మీద ఆ గీత ఇంకా ఉంది. సన్న లైన్ బరువు మీద ఉంటే కత్తితో సమానం. చేతికి చుట్టుకోవడం అసలే వద్దు. చివరలకి స్ప్లైస్ చేయించండి (ముడి లేకుండా లైన్ కొసని లైన్‌లోకే దూర్చి ఉచ్చు చేయడం), లేదా తొడుగున్న, కుట్టిన ఉచ్చులే కొనండి.

మరొకటి. కొన్ని రోజులు వాడాక ముందు లైన్లు కాస్త పొడవవుతాయి, ఎక్కువ బరువు వాటి మీదే కదా. అప్పుడు వెనకవి పొట్టివైనట్టు లెక్క. పటం ఊరికే వెనక్కి కూలబడుతుంటే జనం పటాన్ని తిడతారు. నాలుగింటినీ ఒకే గుంజకి తగిలించి, బార్ వైపు నుంచి గట్టిగా లాగి కొలవండి. రెండు మూడు సెంటీమీటర్ల తేడా అయినా సరిచేయాల్సిందే.

ప్రశ్న: కెవ్లార్ అనే పోగు ఇంకా గట్టిదంటారు కదా?

జవాబు: వేడికి ఓర్చుకుంటుంది, నిజమే. డైనీమా 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కానీ కెవ్లార్ ఎండకి పాడవుతుంది, పదే పదే వంగిన చోట విరుగుతుంది. పక్కవాడి డైనీమా లైన్ మీద రాసుకుంటే రంపంలా కోసేస్తుంది. నలుగురు పటాలెగరేసే నీళ్లలోకి అది తీసుకురాకండి.