హువాంగ్‌చీ వేరు రోజూ తాగవచ్చా? అది మన అశ్వగంధ లాంటిదేనా?

చైనా నుంచి వచ్చిన మిత్రుడు హువాంగ్‌చీ అనే ఎండు వేరు పొట్లం ఇచ్చి "మన అశ్వగంధ లాంటిదే" అన్నాడనీ, ఇంటిల్లిపాదీ రోజూ టీలా తాగవచ్చా అనీ అడిగారు. రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్న మీ అమ్మగారికి కూడా ఇవ్వాలనుకుంటున్నట్టు రాశారు.

ముందు అమ్మగారి సంగతి. దయచేసి ఇవ్వకండి. ఆ జబ్బులో రోగనిరోధక శక్తే దారితప్పి సొంత కీళ్ల మీద పడుతుంది. దాన్ని అణచి ఉంచడానికే ఆమె ఆ మందు వేసుకుంటున్నారు. హువాంగ్‌చీ ఆ శక్తిని రెచ్చగొట్టగలదని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒకపక్క పగ్గం బిగబట్టి మరోపక్క ఎద్దును అదిలించినట్టవుతుంది. ఆమెను చూస్తున్న డాక్టరు సరేనంటే తప్ప ఆ కషాయం ఆమెకు వద్దు. అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ ఇదే జాగ్రత్త. గర్భిణులు కూడా దూరంగా ఉండాలి.

ఇక ఆ వేరు గురించి. నేను గాన్సు ప్రావిన్సులోని లాంజౌలో మూడేళ్లు చదువుకున్నాను. నా సహాధ్యాయిది లాంగ్‌షీ ప్రాంతం, హువాంగ్‌చీ సాగుకు పెట్టింది పేరు. చలి ముదురుతున్న రోజుల్లో ఒకసారి వాళ్ల పొలానికి వెళ్లాను. పైన మొక్క ఎండిపోయింది, కింద వేరు మాత్రం చెయ్యి పొడవున దిగి ఉంది. తెగకుండా తవ్వి తీయడమే అక్కడి నేర్పు. స్నేహితుడి తల్లిని అక్కడి అలవాటు ప్రకారం 'ఆయీ' (పిన్నీ అన్నట్టు) అని పిలిచేవాణ్ణి. ఆమె ఒక వేరును ఏటవాలుగా కోసి నా చేతిలో పెట్టారు. మధ్యలో పసుపు, చుట్టూ తెల్లటి వలయం. 'బంగారు బావి, జేడ్ గట్టు' అంటారట దాన్ని (జేడ్ అంటే చైనాలో విలువైన రాయి). నమిలితే ముందు తీపి తగిలింది, ఆ వెనకే పచ్చి చిక్కుడు గింజల వాసన. కంది, శనగల కుటుంబపు మొక్కే కదా మరి. పీచు మాత్రం ఎంత నమిలినా నోట్లోనే మిగిలిపోయింది.

పేరులోని 'హువాంగ్' అంటే పసుపు. 'చీ' అంటే ప్రాణశక్తి అని చాలామంది పొరబడతారు, అది మరో మాట. పాత రాతలో ఇక్కడి 'చీ'కి పెద్ద అని అర్థం. పసుపు రంగులో ఉండి, బలమిచ్చే మందులన్నిటికీ పెద్ద కాబట్టి ఆ పేరు వచ్చిందని 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ వివరించాడు.

చైనా వైద్యం లెక్కలో దీని రుచి తీపి, గుణం కొద్దిపాటి వేడి. ఊపిరితిత్తులకూ, జీర్ణశక్తికి మూలమని వాళ్లు భావించే ప్లీహానికీ బలమిస్తుందంటారు. ఊరికే అలసిపోవడం, పని చేయకుండానే చెమటలు పట్టడం, ఒంటికి నీరు రావడం, పుండ్లు త్వరగా మానకపోవడం లాంటి లక్షణాలకు వాడతారు. నాకు బాగా నచ్చింది 13వ శతాబ్దపు వైద్యుడు లీ దోంగ్‌యువాన్ చెప్పిన మందుల కలయిక. రక్తం పట్టడానికి ఇచ్చే ఆ కషాయంలో రక్తానికి మేలు చేస్తుందనే దాంగ్‌గుయ్ అనే వేరు ఒక పాలు ఉంటే, హువాంగ్‌చీ ఐదు పాళ్లు ఉంటుంది. ముందు శక్తి ఉంటేనే రక్తం పుడుతుందన్నది అందులోని తర్కం.

అశ్వగంధతో పోలిక బలవర్ధకం అన్నంత వరకే సరిపోతుంది. మన పెన్నేరు వంకాయ కుటుంబానికి చెందింది, అందులోని రసాయనాలు వేరే. ఆయుర్వేదంలో దాన్ని నిద్రకూ, వాతానికీ కూడా ఇస్తారు. ఒకదాని బదులు ఇంకొకటి వాడే పద్ధతి పెట్టుకోకండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆయీ ఇచ్చిన ముక్కలను ఎండు ఎర్ర రేగుపళ్లతో మరిగించి చలికాలమంతా తాగేవాణ్ణి. ఒక జనవరిలో జ్వరం, గొంతునొప్పి మొదలయ్యాయి. బలం కావాలి కదా అని ముక్కలు రెట్టింపు వేశాను. ఆ సంగతి ఫోనులో వినగానే ఆయీ గట్టిగా కోప్పడ్డారు. "దొంగ ఇంట్లో ఉండగా తలుపు గడియ వేస్తావా?" అన్నారు. చెమటను ఆపి ఒంటిని మూసి ఉంచే మందు ఇది, జ్వరం ఉన్నప్పుడు వేసుకుంటే రోగాన్ని లోపలే బంధించినట్టని ఆ వైద్యం చెబుతుంది. జ్వరం, చీము పట్టి ఎర్రబడిన గడ్డలు, అజీర్ణం ఉన్న రోజుల్లో వాళ్లు దీన్ని ముట్టరు. అందుకే 'రోజూ' అన్న మీ మాట దగ్గర ఆగమంటున్నాను.

నాకు పనిచేసిందా అంటే, రెండో చలికాలంలో జలుబు తక్కువగానే వచ్చింది. కానీ ఆ ఏడాది వేళకు నిద్రపోయాను, తల కప్పుకోకుండా బయటికి వెళ్లలేదు. ఆ మేలంతా వేరు ఖాతాలో వేయలేను. మనుషుల మీద జరిగిన పరీక్షల్లోనూ గట్టి నాణ్యత ఉన్నవి తక్కువ.

చైనా ఔషధ ప్రమాణ గ్రంథం రోజుకు 9 నుంచి 30 గ్రాముల మోతాదు చెబుతుంది. అది వైద్యుడు మనిషిని చూసి నిర్ణయించేది. ఇంట్లో ఏ మందులూ వాడని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రుచి చూడాలనుకుంటే నాలుగైదు ముక్కలు అరగంట మరిగించి అప్పుడప్పుడు తాగితే చాలు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవారు ముందు డాక్టరును అడగాలి.

పొట్లం విప్పి ఒకసారి వాసన చూడండి. ముక్కలు మరీ తెల్లగా ఉండి, పుల్లటి ఘాటు ముక్కుకు తగిలితే గంధకం పొగ పట్టించి ఉండవచ్చు. అలాంటివి పారేయండి. మంచి ముక్క కాస్త పసుపు తిరిగి, పచ్చి చిక్కుడు గింజల వాసన వేస్తుంది.