హోమ్ లోన్ ఇన్సూరెన్స్: సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ ఏది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2021లో ఇల్లు కట్టుకోవడానికి నేనూ మా ఆయనా కలిసి బ్యాంకులో 18 లక్షల లోన్ తీసుకున్నాం. మనిషికి ఏమన్నా అయితే అప్పు ఇన్సూరెన్స్ వాళ్లే కడతారని చెప్పి ఆగస్టు 12న 74 వేలు పట్టుకున్నారు. 2024 మేలో మా ఆయన గుండెపోటుతో పోయారు. 2018 నుంచి షుగర్ ఉన్న సంగతి దాచారని సెప్టెంబర్ 30న కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆ ఉత్తరం ఉంది, అది వచ్చిన కవరు మాత్రం పారేశాను. అప్పటి నుంచి బ్యాంకు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మేనేజర్ చులకనగా మాట్లాడుతున్నారు. పోయిన వారం సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు ఇల్లు జప్తు చేసుకునే చట్టం) కింద, బాకీ కట్టమని 60 రోజుల నోటీసు వచ్చింది. షుగర్ లేదని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానని తెలిసిన డాక్టర్ ఒకాయన అంటున్నారు. తీసుకోవచ్చా? ఇంటికి ఏటా కట్టే పాలసీ కూడా ఒకటి ఉంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడేమో పీఎంఐ గురించి అడగమంటున్నాడు.

జవాబు: ఆ డాక్టర్ సర్టిఫికెట్ జోలికి పోకండమ్మా. ఆస్పత్రి రికార్డులో షుగర్ మందులు రాసి ఉంటే, ఆ కాగితం ఒక్క పూట కూడా నిలబడదు. ఇప్పుడు మీ ఆయన పొరపాటుగా కనిపించేది అప్పుడు మీ మోసంగా మారుతుంది. క్లెయిమ్ పోవడమే కాదు, దొంగ సాక్ష్యం పుట్టించారని మీ మీదా ఆ డాక్టర్ మీదా క్రిమినల్ కేసు అవుతుంది.

మేనేజర్ మాట తీరు కేసును తేల్చదు. కేసు తేలేది ఒక్క తేదీ మీద, ఆ తేదీ మీరు పంపిన కాగితాల్లో లేదు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండాక జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. పాలసీ జారీ అయిన రోజు, రిస్క్ (బీమా రక్షణ) మొదలైన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అక్కడి నుంచి లెక్క. 2021 ఆగస్టు 12 నుంచి చూస్తే మూడేళ్లు దాటాకే తిరస్కరించారు. మరణం మూడేళ్లలోపే అయినా, చూడాల్సింది పాలసీని ఎప్పుడు ప్రశ్నించారన్నది. కానీ ఆగస్టు 12 డబ్బు కోసిన తేదీ మాత్రమే. సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ (మీ ఆయనకు బీమా ఉందని కంపెనీ ఇచ్చే కాగితం) ఆ ఏడు అక్టోబర్‌లో జారీ అయి ఉంటే, ఆ తిరస్కరణ మూడేళ్లలోపే వచ్చినట్టు.

74 వేలు కట్టి, ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చిందో లేదో ఇన్నేళ్లు అడగకపోవడం తప్పు. తిరస్కరణ ఉత్తరం వచ్చిన కవరును పారేయడం ఇంకో తప్పు. దాని మీది పోస్టల్ ముద్ర రేపు సాక్ష్యం అయ్యేది. సర్టిఫికెట్ కాపీ, మాస్టర్ పాలసీ (బ్యాంకు పేరున ఉన్న గ్రూపు పాలసీ), ప్రపోజల్ ఫారం (బీమా కోసం మొదట ఇచ్చిన దరఖాస్తు) ఇవ్వమని బ్యాంకుకూ కంపెనీకీ రాతపూర్వకంగా అడగండి. బ్యాంకులో ముద్ర వేయించుకోండి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

తేదీ మనకు వ్యతిరేకంగా వచ్చినా పోరాటం ఉంది. మీరు ఫోటో తీసి పంపిన హెల్త్ డిక్లరేషన్ చూశాను. ప్రశ్నలన్నిటికీ 'లేదు' దగ్గర నల్ల ఇంకుతో ఒకే చేతి టిక్కులు, కింద మీ ఆయన సంతకం నీలం ఇంకు. ఆ టిక్కులు మీ ఆయన పెట్టినవేనా, ఫారం ఎవరు నింపారు అన్న వాదన అక్కడే మొదలవుతుంది. ఆ రోజు పక్కన ఉన్నవాళ్ల పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. పాలసీదారు బతికి లేనప్పుడు మోసం లేదని చూపించే భారం వారసుల మీదే పడుతుంది. మోసం కాదు, తప్పుగా చెప్పారంతే అని తేలితే కట్టిన ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. ఆ చెక్కుతో పాటు 'పూర్తి, తుది పరిష్కారం' అని ఓచర్ వస్తే సంతకం పెట్టకండి.

ఏటా కట్టేది ఇంటి పాలసీ. నిప్పు, వరద, భూకంపం లాంటి వాటితో ఇంటికి నష్టం జరిగితేనే అది ఇస్తుంది, మనిషి పోతే ఇవ్వదు. మీ తమ్ముడు చెప్పే పీఎంఐ అమెరికాది. డౌన్‌పేమెంట్ 20 శాతానికి తగ్గితే అప్పిచ్చిన వాడి నష్టం కోసం కొనుక్కున్న వాడి చేత కట్టించేది అది. మన దగ్గర మార్ట్‌గేజ్ గ్యారంటీ కూడా బ్యాంకుకే రక్షణ, అప్పు మాత్రం మీ మీదే ఉంటుంది. మీకు పనికొచ్చేది ఆ 74 వేల లోన్ ప్రొటెక్షన్ పాలసీ ఒక్కటే. అది కూడా షెడ్యూలులో ఆ నెలకు చూపిన కవర్ మేరకే చెల్లిస్తుంది. మీరు కో-బారోవర్ (లోన్ కలిసి తీసుకున్నవారు) కాబట్టి మిగతాది మీరు కట్టాలి.

తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లి ఉంటే లాయరూ ఫీజూ లేకుండా తేలేది. బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఆ గడువు పోగొట్టుకున్నారు. మేనేజర్ 'చూద్దాం' అన్నన్ని రోజులూ లిమిటేషన్ (కేసు వేసే గడువు) ఆగదమ్మా. ఇక మిగిలింది నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్. దానికి రెండేళ్లు, అంటే 2026 సెప్టెంబర్ 30తో సరి. చివరి వారం దాకా ఆగకండి. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బీమా కంపెనీతో పాటు బ్యాంకునూ ప్రతివాదిగా చేర్చండి.

కమిషన్‌లో కేసు వేసినంత మాత్రాన జప్తు ఆగదు. 60 రోజుల నోటీసుకు ఈ వారమే జవాబు ఇవ్వండి. క్లెయిమ్ వివాదం, పాలసీ కాగితాలు అడిగిన సంగతి అందులో రాయండి. 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో బదులివ్వాలి. వీలైనంత ఈఎంఐ కడుతూ రసీదులు దాచండి. ఇంటికి పొజిషన్ నోటీసు (ఇల్లు స్వాధీనం చేసుకున్నామనే నోటీసు) అంటిస్తే 45 రోజుల్లో హైదరాబాద్ డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి) వెళ్లాలి. సివిల్ కోర్టులో స్టే తెస్తామని ఎవరన్నా డబ్బు అడిగితే ఇవ్వకండి, ఆ అధికారం సివిల్ కోర్టుకు లేదు.