డెస్క్‌టాప్ కొనే ముందు: చిత్తూరులోని అబ్బాయికి పెదనాయన లేఖ

తిరుపతి

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ రెండుసార్లు చదివాను. పిల్లల చదువుకు, ఇంటి లెక్కలకు, కోడలు తన బడి ప్రశ్నపత్రాలను తెలుగులో టైపు చేసుకోవడానికి 45,000 రూపాయల లోపు డెస్క్‌టాప్ కావాలని రాశావు. ఆ కాగితంలో మొదటి వరుసలోనే ఐ7 ప్రాసెసర్ అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ, అది ఎన్నో తరానిదో ఎక్కడా లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ వరుసే.

కొన్నేళ్ల కిందట నేనూ ఆ పేరు చూసే ఒక పాత కంప్యూటరు కొన్నాను. అందులో ఉన్నది ఇంటెల్ కంపెనీ ఐ7-3770, అంటే 2012లో వచ్చిన మూడో తరం చిప్పు. 2022లో వచ్చిన ఐ3-12100ను దాని పక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉంటాయి. కానీ ఒక్కో కోరు చేసే పనిలో పేరుకు చిన్నదైన ఐ3యే ఎంతో ముందుంటుంది. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైవే అర్హమైనవి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. కాబట్టి పేరు వదిలి, గీత తరువాతి అంకెలు చదువు: 3770లో మొదటి 3, 12100లో మొదటి 12 తరాన్ని చెబుతాయి. చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ చిప్పులో గ్రాఫిక్స్ ఉండవు, వేరే కార్డు కొనవలసి వస్తుంది. నీకు అలాంటి చిప్పు వద్దు. ధర కుదిరితే ఏఎండీ కంపెనీ చిప్పు రైజెన్ 5 5600జి కూడా మంచి ఎంపికే.

అయితే రోజువారీ పనిలో మనకు విసుగు పుట్టించే ఆలస్యానికి చాలావరకు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్కు. తిరిగే పళ్లెం మీద ముల్లు ఒకచోటి నుంచి మరోచోటికి కదిలి చిన్న చిన్న ఫైళ్లను వెతకాలి. సెకనుకు ఏ వందసార్లో తప్ప అది వెతకలేదు. మెమరీ చిప్పుల మీద ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. నీ కొటేషన్‌లో రాసిన ఒక టీబీ హార్డ్ డిస్కు తీసేయించి 500 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించు. ర్యామ్ 16 జీబీ ఉంటే నిశ్చింత. డబ్బు చాలకపోతే ఇప్పుడు 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి వేయించి, రెండో స్లాటు ఖాళీగా ఉండే మదర్‌బోర్డు తీసుకుంటే తరువాత ఇంకొకటి చేర్చుకోవచ్చు.

ఇక ఎస్ఎంపీఎస్ (కంప్యూటరు భాగాలకు కరెంటును తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) మాట కొంచెం ఓపికగా చదువు. నా పాత కంప్యూటరులో క్యాబినెట్‌తో పాటు వచ్చిన చౌక ఎస్ఎంపీఎస్ ఉండేది, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీతో నడిపే యూపీఎస్ పెట్టుకోలేదు. ఒక మే నెల మధ్యాహ్నం పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో అది కాలిపోయి, మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా తనతో తీసుకుపోయింది. మీ అవ్వ ఫొటోలు అందులోనే ఉండేవి, వాటికి మరో ప్రతి లేదు. ఆ బాధ ఈనాటికీ తీరలేదు. అందుకే 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను విడిగా కొను. 600 వీఏ యూపీఎస్ తప్పక పెట్టు. నువ్వు కొనే కంప్యూటరు, మానిటరు కలిసి మామూలు పనిలో వంద వాట్ల లోపే తీసుకుంటాయి గనుక అది సరిపోతుంది; లేజర్ ప్రింటరును మాత్రం దానికి తగిలించకు. క్యాబినెట్ తాకినప్పుడు చెయ్యి జుమ్మంటే ఎర్తింగ్ లేదని అనుమానించాలి. మన ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి కాబట్టి దాన్ని బల్ల కింది మూసిన అరలో పెట్టవద్దు.

మానిటరు 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది) అయితే చాలు. దుకాణంవారు లైసెన్సు లేని విండోస్ ఉచితంగా వేస్తామంటే ఒప్పుకోకు. లైసెన్సు కొనలేకపోతే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, టైపు, లెక్కల పనులకు లిబ్రే ఆఫీస్ వేసుకోవచ్చు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (భారతీయ భాషల ప్రామాణిక అమరిక) అందులోనూ ఉంటుంది.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి అయిన రిచీ స్ట్రీట్‌కు వెళితే కొంత తగ్గుతుందని నీ స్నేహితులు చెప్పి ఉంటారు. తగ్గవచ్చు గానీ, ఒక భాగం పాడైతే వారంటీ కోసం మళ్లీ అంత దూరం పోవాలి. చిత్తూరులోనో, ఇక్కడ తిరుపతిలోనో కొనడమే నా అభిమతం. ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లులో రాయించుకో.

ఈ మార్పులతో కొత్త కొటేషన్ రాయించి, అడ్వాన్సు ఇవ్వకముందే దాని ఫొటో నాకు పంపు. ఈలోగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గదిలో ఎర్తింగ్ చూపించు.

ఇట్లు,
మీ పెదనాయన