పోరుమామిళ్ల రాయి దగ్గరికి పొయ్యే ముందు

పాపా,

నువ్వు మన కడప జిల్లా చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తాండావని మీ నాయన రాత్రి ఫోన్ చేసి చెప్పినాడు, అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలే. మనింట్లో చెరువు కింద సేద్యం చేసినోళ్లే గానీ చెరువు గురించి రాసేది నువ్వే, గర్వంగా ఉండాది, భయంగానూ ఉండాది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. వికీపీడియా చదువు గానీ అది చూసి రాయొద్దు, దాని కింద ఆధారంగా ఇచ్చిన పుస్తకం తెరిచి చూసి రాయి. దుడ్లు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్ల జోలికి పోవద్దు. ఏఐ అయితే అసలు లోకంలోనే లేని పుస్తకానికి కూడా పేజీ నంబరు చెప్తుంది, పుస్తకం చేతికొచ్చేదాకా నమ్మొద్దు.

నా భయం వేరే. నేను కాలేజీలో పాఠాలు చెప్పే కాలంలో చెరువుల మీద చిన్న పుస్తకం వేసినా, పచ్చ అట్టది, నువ్వు చూసింటావు. దాంట్లో పోరుమామిళ్ల చెరువు 1291లో కట్టినారని రాసినా. మూడు పుస్తకాల్లో అదే సంవత్సరం ఉండాది, ముగ్గురు చెప్పినాక ఇంక తిరుగేముందనుకున్యా. బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే ఊరు, పోలే. చెరువు కట్టించినప్పటి రాతి శాసనం మొత్తం, శాసనాలు అచ్చేసే ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చయ్యుండాది, అదీ తెరవలే. రాతి మీద ఉండేది శక సంవత్సరం 1291, దానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం 1369. మొదటాయన శకం అనే మాట వదిలేసినాడు, రెండో ఆయన ఆయన్ని చూసి రాసినాడు, మూడో ఆయన రెండో ఆయన్ని చూసి రాసినాడు, ఒకే తప్పు మూడుసార్లు అచ్చయితే నేను ముగ్గురు సాక్షులనుకున్యా. అదే పేజీలో కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కరుడని నా చేత్తో నేనే రాసినా. విజయనగరం పుట్టిందే 1336లో కదమ్మా, 1291లో బుక్కరాయల కొడుకు యాడి నుంచి వస్తాడు?

ఒక పిల్లోడు నా పుస్తకం నమ్మి ఆ సంవత్సరాన్నే థీసిస్‌లో పెట్టుకున్యాడు. వైవాలో అడిగితే నోరు పెగల్లేదంట. సాయంత్రం ఫోన్ చేసి, "సార్, మీరు రాయి చూసే రాసింటారనుకున్యా" అన్యాడు. తిట్టింటే బాగుండు.

మరుసటి వారమే పోయినా. భైరవుడి గుడి ముందర రెండు బండలు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని, చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు, అన్నీ ఆ సంస్కృత శ్లోకాల్లోనే ఉండాయి. అచ్చు ప్రతి చేత్లో పెట్టుకొని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివినా. అట్లని రాతి మీదుండేదంతా కూడా యథాతథంగా తీసుకోవద్దు పాపా, సంవత్సరానికి రాయి గట్టి సాక్ష్యం గానీ, వెయ్యి మంది లెక్క మాత్రం కట్టించినాయన చెప్పుకున్న లెక్క, అట్లనే రాయి.

మెకంజీ దొర ఊరూరా రాయించిన కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, అవి కూడా మన కడప బ్రౌన్ లైబ్రరీలో చూడు. రెండు వందల ఏండ్ల కిందట ఊరోళ్లు ఏమనుకుంటా ఉన్యారో వాటికంటే బాగా ఎవరూ చెప్పలేరు. అంతకు నాలుగు వందల ఏండ్ల ముందర సంగతికి అవి సాక్ష్యం కావు. ఎవరు రాసినారు, ఎప్పుడు రాసినారు, ఆయన కండ్లతో చూసినాడా, ఎవరైనా చెప్తే విన్యాడా, ప్రతి కాగితాన్నీ ఇట్లే అడుగు.

నువ్వు చిన్నప్పట్నుంచి తొందర మనిషివి, లెక్క సగంలో జవాబు రాసేదానివి, నాకదే దిగులు. గైడు తొందరపెట్టినా చూడని దాన్ని చూసినట్టు రాయొద్దు తల్లీ. ఎండన పడి తిరగొద్దు, పొద్దున్నే పో, నీళ్ల బాటిలు మర్చిపోవద్దు.

పోరుమామిళ్లకు పొయ్యే రోజు ముందుగా చెప్పు, బద్వేలు బస్టాండులో ఉంటా. పచ్చ పుస్తకం తెస్తా. ఆ పేజీలో ఎర్ర ఇంకుతో దిద్దిపెట్టినా, నువ్వు రాయి పక్కన పెట్టి సరిచూడు.

మీ పెదనాయన