కాఫీ మానేశాక తలనొప్పి: సమాధానం

రోజుకు ఆరు కాఫీలు, పైన ఒక ఎనర్జీ డ్రింక్ తాగే మీరు, అన్నీ ఒకేసారి మానేస్తే మర్నాటికే తల పగిలిపోతోందని రాశారు. టెన్షన్ పడకండి, ఇది చాలావరకు కెఫీన్ మానడం వల్ల వచ్చేదే. అలసటను తెలియజేసే రసాయనమైన అడెనోసిన్‌ను కెఫీన్ అడ్డుకుంటుంది. మెదడు ఆ అడ్డుకే అలవాటు పడుతుంది. అది హఠాత్తుగా పోతే తలలో రక్తనాళాలు వెడల్పయి పోటు పుడుతుంది. 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో రోజు బాగా ఏడిపించి, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

మళ్ళీ నాలుగు కప్పులతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకొకటి తగ్గించండి. ముందు సాయంత్రం కప్పు తీసేయండి. 6 గంటలకు తాగిన కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి 11కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, నిద్ర పట్టకపోవడం అందుకే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకు కెఫీన్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, గర్భిణులకు 200. ఎనర్జీ డ్రింక్ మాత్రం పూర్తిగా వదిలేయడమే నయం, అందులో చక్కెర కూడా ఎక్కువే.

తలనొప్పి మాత్ర వేసుకుంటే అట్ట వెనక చదవండి, కొన్నింటిలో కెఫీనే ఉంటుంది! గుండెదడ ఉన్నా, ఛాతీ నొప్పి వచ్చినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.